మామ మూర, నా మూర

ఆ రోజుల్లో ఏ గోడ చూసినా దాన్ని కొలిచిన మనిషి పొట్టో పొడుగో చెప్పెయ్యొచ్చు. గొలుసూ గజంబద్దా పట్టుకుని తిరిగేది సర్కారు మనుషులే. వాళ్లొస్తే ఊరు ఊరంతా తలుపులు వేసుకునేది. మిగతా లోకం మూరలతో, జానలతో హాయిగా నడిచిపోయేది. నేనప్పుడు చేవెళ్ల మిషను బడిలో కొత్తగా చేరిన పంతుల్ని. మొయినాబాద్‌లో మా మేనమామ మా క్రైస్తవుల సంఘానికి పెద్ద. ఆయన కూతురు, అంటే నా మరదలు, పుట్టినప్పుడే నాదని మామ తల్లి, మా అవ్వ, అనేసింది. ఆ మాట మీద భరోసాతో నేను ప్రతి ఆదివారం అంత దూరం నడిచి ప్రార్థనకు పోయేవాణ్ణి. (భక్తి అనుకుని మా పాదిరిగారు నన్ను పదిమందిలో మెచ్చుకున్నారు కూడా.)

మాకప్పటికి మందిరం లేదు. ప్రార్థనలు మామ బర్రెల కొట్టంలోనే. ప్రసంగం మధ్యలో బర్రె అరిస్తే అదే ఆమేన్ అనుకునేవాళ్లం. ఒకనాడు మామ లేచి, "ఇగ మనకొక మందిరం కావాలె. సొలొమోను రాజు మూరలు బెట్టి కట్టిండని బైబిల్ల ఉన్నది. మనం గూడ మూరల్తోనే కడదాం," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అల్లుడా, పని నువ్వు చూసుకో. మందిరం లేవనీ, దాంట్ల మొదటి పెండ్లి మీదే," అన్నాడు. ఆ మాటతో నేను సగం గోడలు అక్కడే గాలిలో కట్టేశాను.

ముందు గోడకు మామే స్వయంగా కొలత వేశాడు. ఆజానుబాహువు, తలపాగా జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, నేల మీద పాకుతూ మోచేయి ఆనించి, మధ్యవేలి కొసన గీత గీసి, మళ్లీ అక్కడ మోచేయి ఆనించి, మొత్తానికి ముందు గోడ ముగ్గు పడింది. ఆ సాయంత్రమే ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. గొంగడి కింద నుంచి, "ఎన్ని మూరలో నీకెరుకే గద. ఎనక గోడ నువ్వే కొలువు. ఇద్దరిది ఒక్క రక్తమే," అన్నాడు. రక్తం ఒకటే కావచ్చు గానీ, నేను తరగతిలో నిలబడితే వెనక వరస పిల్లలు లేచి నిలబడి చూడాల్సి వచ్చేది. మామ ఎన్ని మూరలు వేశాడో నేనూ అన్నే వేశాను. ఒక్క మూర తప్పలేదు. మేస్త్రి మాత్రం తాడు లాగి చూసి, తల గోక్కుని, "పంతులూ, తాడు ఎట్ల పొమ్మంటే గోడ అట్లనే పోతది. తర్వాత నన్ననొద్దు," అన్నాడు. బైబిలు కన్నా మేస్త్రికి ఎక్కువ తెలుసా అని నేను పట్టించుకోలేదు.

గోడలు లేచాయి. వడ్రంగి దూలాలన్నీ ముందు గోడ పొడవు చూసి ఒకే కొలతన కోసి తెచ్చాడు. ముందువైపు చక్కగా కూర్చున్నాయి. వెనక్కి పోయే కొద్దీ గోడ దాటి బయటికి పొడుచుకు రావడం మొదలుపెట్టాయి. జ్వరం తగ్గి మామ కర్ర పట్టుకుని చూడటానికి వచ్చాడు. చాలాసేపు పైకి చూశాడు.

"అల్లుడా, గీ దూలాలు ఎటు పోతున్నయి?"

ఆయన నా చేయి లాగి తన చేయి పక్కన పెట్టి చూశాడు. ఇంక చెప్పేదేముంది, మా మందిరం అచ్చంగా చేటలా ఉంది, ముందు వెడల్పు, వెనక సన్నం. "కూలగొట్టి మల్ల కట్టాలె. పెండ్లి మాట గోడ లేసినంకనే," అనేసి వెళ్లిపోయాడు. గోడ లేవాలంటే వానాకాలం పోవాలి. ఈలోగా ఎంకపల్లి నుంచి ఒక సంబంధం మామ గడప తొక్కుతోందని నాకు తెలుసు. ఆ అబ్బాయి పొడగరి అట. నాకు ఆ వారం అన్నం సయించలేదు.

అప్పుడు అవ్వ అడ్డం పడింది. జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని పట్నం చేరిన ఒక యూదు డాక్టరు, ఆ నెలలో మా వైపు రోగుల్ని చూడటానికి వస్తున్నాడు. "సొలొమోను ఆయన తాతనే గద. ఆయనకు జూపియ్యి. బాగున్నదంటే ఉంచు, లేదంటే కూలగొట్టు," అన్నది మామతో. తల్లి మాటకు మామ ఎదురు చెప్పలేదు.

గడ్డం, పొడుగు అంగీ, చేతికర్ర ఉన్న మనిషి కోసం మేమంతా ఎదురు చూస్తే, నున్నగా గీసిన గడ్డంతో, కళ్లద్దాలతో, చెమటలు కక్కుతూ ఒక బక్కపలచని మనిషి దిగాడు. ఆయన ఇంగ్లీషు నేను తెలుగు చేయాలి. అవ్వ మొదటి ప్రశ్న, "మోషే మీకు ఏమయితడు బిడ్డా?" ఆయన నవ్వకుండా ఆలోచించి, దూరపు చుట్టమనీ, కానీ ఇంట్లో రోజూ పేరు తలుచుకుంటామనీ చెప్పాడు. అవ్వ తృప్తిగా తలూపింది.

తర్వాత ఆయన మందిరం ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ నడిచి, ఇలా ఎందుకు కట్టారని అడిగాడు. మామా, నేనూ సమాధానంగా చేతులు చాపాం. ఆయన పడీ పడీ నవ్వి, చొక్కా చేయి మడిచి తన మూర కూడా గోడ మీద వేసి చూశాడు. గ్రంథంలో ఎన్ని మూరలో రాశారు గానీ ఎవరి మూరో చెప్పలేదనీ, దాని మీద తమ పండితులు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారనీ అన్నాడు. ఇంతకీ ఉంచాలా, కూలగొట్టాలా అని మామ అడగమన్నాడు. నేను అడిగాను.

ఆయన కాసేపు దూలాల కేసి చూశాడు. తమ ఊళ్లో తమ సమాజానికి కూడా ఒక మందిరం ఉండేదనీ, ఇంజనీరు గీత గీసి కట్టాడనీ, ఎక్కడా వేలెడు వంకర లేదనీ చెప్పాడు.

"ఇప్పుడెట్ల ఉన్నదంట?" అన్నాడు మామ.

"లేదంట మామా. తగులబెట్టిన్రంట."

మామ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అలాగే మేస్త్రి వైపు తిరిగి, "పెంకులు గప్పు. గీ గోడ మీద ఎవ్వడు పార ఎయ్యొద్దు," అన్నాడు. నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

పెండ్లి ఆ మందిరంలోనే అయింది. బయటికొచ్చిన దూలాలకు లాంతర్లు తగిలించారు. డాక్టరు మాత్రం ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ శుక్రవారం పొద్దు గూకక ముందే వచ్చి మామ ఇంట్లో దిగేవాడు. శనివారం వాళ్లకు ప్రార్థన రోజు, ప్రయాణం చేయకూడదట. పొద్దున్నే మామ మందిరం సన్నపు కొసన చాప పరిచి, తలుపు దగ్గరగా వేసి వచ్చేవాడు. లోపల ఆయన తన భాషలో ఏవో చదువుకునేవాడు. ఆదివారం నిండా జనంతో అది మాది, కొన్ని శనివారాలు ఒక్క మనిషే సమాజంగా అది ఆయనది. యుద్ధం అయిపోయాక ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా చాలా శనివారాలు మామ అలవాటుగా చాప పరిచి వచ్చేవాడు.

మొన్న మందిరానికి వెళ్లినప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుని వెనక గోడ నా చేత్తో కొలిచాను. వయసుతో పాటు చేయి కూడా కుంచించుకుపోయిందేమో, నా మూరకే లెక్క కుదరలేదు. వెనక నుంచి మా ఆవిడ, "ఇగ ఇప్పుడేం కూలగొడుదమని బావా?" అన్నది. ఏమీ లేదని చెప్పి, ఆ సన్నపు కొసన ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.