రాణీ రంగు పళ్ళు, హిందూపురం రైలు

మా చిన్నప్పుడు తెల్లారితే ధర్మవరంలో మా వీధి వీధంతా అరుగుల మీదే ఉండేది... నోట్లో వేపపుల్లతో. తోముకుంటూనే మాటలు, తోముకుంటూనే తిట్లు. పుల్ల తీయకుండా తిట్టుకుంటే ఎవరేమన్నారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే మా వీధిలో గొడవలు తక్కువ.

మా అవ్వ మగ్గాలకు అచ్చు అతికేది. అంటే, అయిపోయిన పోగు చివర కొత్త పోగు పెట్టి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టడం. పట్టుపోగులో చిన్న నలక ఉన్నా ఆ వేలికి దొరికిపోయేది. పొద్దున్నే చేయి కడుక్కుని అదే వేలు మా నోట్లో పెట్టేది.

"ఈ... అనండి."

పంటి మీద వేలు జారిందా, "ఇంకా పాచి ఉండాది, పో" అనేది. కీచుమంటేనే సంగటి. చిగుళ్ళు నొక్కి చూసేది. పుల్ల చీల్చి నాలుక గీసుకున్నామో లేదో చూసేది. ముందురోజు బెల్లం తిని నోరు పుక్కిలించకపోయినా కనిపెట్టేసేది...

ఒకసారి నాయన హిందూపురంలో మేనత్త ఇంటికి పోవాల్సి వచ్చింది. రైల్లో! నేను అప్పటిదాకా రైలెక్కలేదు. మా అక్కా ఎక్కలేదు. ఇద్దరం నాయన చెరొక చెయ్యి పట్టుకుని వేలాడాం.

"ఇద్దర్నీ ఏసుకొని యాడ తిరిగేదిమ్మా? ఒకర్నే పిల్చుకపోతా" అన్నాడు నాయన.

అవ్వ తీర్పు చెప్పేసింది. "వారం దినాలు చూస్తా. ఎవరి నోరు బాగుంటే వాళ్ళు రైలెక్కేది."

అక్క బుద్ధిమంతురాలు. రోజూ పుల్ల పిప్పి అయ్యేదాకా నమిలేది. నేనా... వేప చేదు! అందుకని పుల్ల కొనను రాయితో దంచి, కుంచెలా చేసి, నీళ్ళు చిలకరించి చూపించేవాణ్ణి. ఐదు రోజులు అవ్వ నా నోట్లో వేలు పెట్టి చూసి, "వారం కానీ" అనేది. ఆరో రోజు పుల్ల అందుకుని తిప్పి చూసింది.

"దీన్ని నమిలింది నువ్వా, రాయా?"

నేను రాయిని కాలితో వెనక్కి నెట్టాను.

"అయితే రాయినే రైలెక్కిస్తాలే. రేపొక్క పొద్దు ఉండాది నీకు."

వీధి చివర అంగడాయన కొడుకు గులాబీ రంగు పళ్ళపొడితో తోముకునేవాడు. వాడి పళ్ళు తళతళా మెరిసేవి. మా నాయన కూడా ఎర్రటి పొడి ఒకటి కాగితంలో పొట్లం కట్టి అటక మీద పెట్టడం నేను చూశాను. పళ్ళపొడి తెచ్చి మాకివ్వకుండా దాచుకున్నాడనుకున్నా... ఏడో పొద్దు అందరికంటే ముందు లేచి వేలు తడిపి, పొడి అద్ది, బరబరా రుద్దాను. వేపకంటే చేదు!

అవ్వ వచ్చి "ఈ అనరా" అంది. నేను మూతి బిగించుకున్నా. అక్కకు అనుమానమొచ్చి చక్కిలిగింతలు పెట్టింది. ఆపుకోలేక నవ్వేశా...

పళ్ళు, చిగుళ్ళు, నాలుక... అంతా రాణీ రంగు!

"ఒరే! అది పెండ్లిచీర కొంగుకు తెచ్చిన రంగు రా!" అన్నాడు నాయన.

అవ్వ ముందు భయపడింది. "మింగినావా?" అంటూ కడవ నీళ్ళు ఖాళీ అయ్యేదాకా పుక్కిలింపించింది. మింగలేదని తేలాక కూలబడి నవ్వింది చూడండి...

"నాయనా, ఇది పోతాదా?" అన్నాను ఏడుస్తూ.

"మనమేసే రంగు పోదురా. అందుకే గదా జనం మన చీరలు కొనేది!"

అక్క రైలెక్కి పోయింది. నేను నోరు మూసుకుని ఇంట్లో ఉన్నా. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్నవి ఆ మూడు రోజులే.

తిరిగొచ్చి అక్క పెనుకొండ దగ్గర కొండంతా రైలుతోపాటు ఎట్లా తిరిగిందో చెప్పి చెప్పి నన్ను ఏడిపించింది. తర్వాత జాలిపడినట్టు ఒక పుల్లల కట్ట ఇచ్చింది.

"హిందూపురం యాపపుల్లలు రా. మొదుట్లో చేదే గానీ, నమిలేకొద్దీ తియ్యగా ఐతాయి."

నమ్మాను. తీపి ఎప్పుడొస్తుందా అని పది రోజులు నమిలాను! అది మా పెరట్లో వేపచెట్టు కొమ్మేనని అక్క చెప్పేసరికి కట్ట అయిపోయింది. కొట్టడానికి వెంటబడితే అవ్వ మధ్యలో నన్ను పట్టుకుని నోట్లో వేలు పెట్టింది.

కీచుమంది.

అవ్వ ఇంకోసారి రుద్ది చూసింది. మళ్ళీ కీచుమంది. నాయన వైపు తిరిగి, "ఈసారి పోతే వీణ్ణి పిల్చుకపోరా" అంది.

ఇప్పుడు నాకు డెబ్బై మూడు. రెండు తప్ప అన్ని పళ్ళూ ఉన్నాయి, చెరకు ముక్కతో ఎవరైనా పందేనికి రావచ్చు. అక్క పెనుకొండలో ఉంది. ఫోన్లో మొహం కనపడగానే బాగున్నావా అనదు, "ఈ అనరా" అంటుంది. మా మనవడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో కొత్త కార్లకు ఒక్క మరక లేకుండా చూస్తాడట, వాడి నోరు మాత్రం వాడు చూసుకోడు. తలుపేసుకుని, ఫోన్ చూస్తూ, అరనిమిషంలో బ్రష్ కడిగేసి వచ్చేస్తాడు... "ఈ అనరా" అంటే "ప్రైవసీ తాతా" అంటాడు.

వీధంతా కలిసి తోముకున్న పళ్ళు ఇప్పుడు ఎవరికి వాళ్ళు తలుపు వెనక తోముకుంటున్నాం... అవ్వ వేలు లేదు. కీచుమన్నా వినేవాళ్ళు లేరు.

మీ నోట్లో వేలు పెట్టి చూసిన అవ్వ ఎవరు? కింద రాయండి... ముందు పోయి పళ్ళు తోముకుని రండప్పా!