పీ ఫర్ పూనా

నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. గోదావరిఖని పక్కన ఓపెన్‌కాస్టు గనిలో, కంట్రోల్ రూమ్‌లో, వైర్‌లెస్ సెట్ ముందు కూర్చోబెట్టారు. బొగ్గు మోసే ఏ డంపర్ ఏ ర్యాంపుకు పోవాలో చెప్పడం నా పని. గనిలోకి దిగే ఈ ర్యాంపు దారులకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. ఇంజన్ల మోతలో బీ, డీ, పీ ఒక్కలాగే వినిపిస్తాయి. అందుకని బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ, పీ ఫర్ పూనా అని విడమరిచి చెప్పాలి.

ఆ సీట్లో అప్పటిదాకా ఆడమనిషి కూర్చోలేదు. కొత్తలోనే ఒకరోజు నేను "డీ ఫర్ ఢిల్లీ" అనగానే ఎవడో సెట్లో "డీ ఫర్ డార్లింగ్" అన్నాడు. నవ్వులు. ఇక అదొక ఆటైపోయింది. నేను ఏ అక్షరం పలికినా దానికో మాట తయారు. కొన్ని ఇక్కడ రాయను.

షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పాను.

"పొద్దంత ఎండల సస్తరమ్మా వాళ్లు. జర నవ్వుకుంటరు. గింత దానికి ఫికర్ ఎందుకు?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వచ్చి మళ్లీ సెట్ ముందు కూర్చున్నాను.

ఆ ఎండాకాలం పీ ర్యాంపు దగ్గర టైరు మారుస్తుంటే జాకీ జారి ఒక ఫిట్టర్ చెయ్యి నలిగింది. మా క్వార్టర్ల లైన్లోనే ఉంటాడు, కాకా అని పిలిచేదాన్ని. నేను సెట్లో "అంబులెన్స్ జల్ది రావాలె. పీ ర్యాంపు, పీ ఫర్..." అంటుండగానే "పీ ఫర్ పెళ్లాం" అని ఒక గొంతు నా మాట మీద పడింది. అంబులెన్స్ అన్న మాట వాడి చెవికి ఎక్కనే లేదు. అక్షరం కోసమే కాచుకుని కూర్చున్నాడు. రెండు సెట్లు ఒకేసారి మాట్లాడితే మిగిలేది గరగర శబ్దమే. అంబులెన్స్ డ్రైవర్ పీని బీ అనుకుని గని అవతలి అంచుకు పోయాడు. తిరిగొచ్చేసరికి కాక స్పృహలో లేడు.

మేనేజర్ నన్ను పిలిచి, "సెట్ల సాఫ్‌గ చెప్పాలె కదమ్మా" అన్నాడు. నాతో!

మర్నాడు డ్యూటీ ఎక్కగానే బటన్ నొక్కాను. "నిన్న పెళ్లాం అన్నదెవరో చెప్పేదాక నేను ఏ బండికీ ర్యాంపు చెప్ప."

ఒక గొంతు, "మజాక్ చేసినం అక్కా" అంది.

"నేను నీకు అక్కను కాను. బండి నంబర్ చెప్పు."

డంపర్లు వరసగా ఆగిపోయాయి. మేనేజర్ ఉరికొచ్చి అరిచాడు.

"అంబులెన్స్ ఎందుకు తప్పిపోయిందో గా పెళ్లాం అన్నోన్ని అడుగుండ్రి సార్" అన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

చివరికి ఆ గొంతు తన బండి నంబర్ చెప్పింది. అక్కా అన్నాడు గానీ కుర్రాడేం కాదు. నాన్నతో కలిసి పనిచేసినవాడు, మా ఇంట్లో చాయ్ తాగినవాడు. అతనికి ఒక వార్నింగ్ ఇచ్చారు. బండ్లు ఆపినందుకు నాకూ అదే వార్నింగ్ ఇచ్చారు.

కాకకు రెండు వేళ్లు తీసేశారు. దవాఖానలో ఆయన భార్య అడిగింది: "దుమ్ముకు దారి కనవడక అంబులెన్స్ లేటయ్యిందట, నిజమేనా బిడ్డా?"

"దుమ్ము కాదు చిన్నమ్మా" అని అంతా చెప్పాను. ఆ గొంతు ఎవరిదో కూడా చెప్పాను.

ఆమె లేచి చెప్పులేసుకుంది. "వాని క్వార్టర్ ఏడుంది?"

నేనే తీసుకెళ్లాను.