లోసేలి అత్త టేప్‌రికార్డర్

వవావు దీవుల్లో మాదొక చిన్న దీవి. అక్కడ చర్చి పాటల బృందాన్ని నడిపేది లోసేలి అత్త. ఆవిడ దగ్గర ముప్పై ఏళ్ల నాటి టేప్‌రికార్డర్ ఉంది. దాని మోటారు అరిగిపోయి, ప్రతి పాటా నెమ్మదిగా, బొంగురుగా వినిపించేది. పోటీ పాటను మేం దానిలోనే విని, అలాగే నేర్చుకున్నాం.

పెద్ద దీవిలోని నేయాఫు పట్నంలో పోటీలు. మాకన్నా ముందు వచ్చిన బృందం అదే పాటను హుషారుగా, పై శ్రుతిలో పాడేసింది. మా ముఖాలు పాలిపోయాయి.

"అత్తా, పాట ఇంత జోరుగా ఉంటుందా?" అని ఆవిడ మేనల్లుడు ఫెలేతి గొణిగాడు.

"నాకేం తెలుసురా! నా డబ్బా అలా పాడలేదే! ఇప్పుడు మార్చామంటే తలో దారి పడతాం. నేర్చుకున్నట్టే పాడండి."

భయంభయంగా మొదలుపెట్టాం. రెండో చరణానికల్లా మగవాళ్ల గొంతులు నేలలోంచి వస్తున్నట్టున్నాయి. ముందు వరుసలోని ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతి మాకే ఇచ్చారు.

"మా తాతలు ఇలాగే నిదానంగా పాడేవారు. ఎవరు నేర్పారమ్మా?" అని న్యాయనిర్ణేత అడిగాడు.

"ఇంట్లో ఒక ముసలి గురువున్నాడు లెండి," అంది అత్త, నవ్వు ఆపుకుంటూ.

తిరుగు పడవలో ఫెలేతికి ఉత్సాహం వచ్చింది. "అత్తా, దానికి కొత్త మోటారు వేయనా? ఊరికే చేసిపెడతా."

"దాని మీద చెయ్యి వేశావంటే నిన్ను బృందంలోంచి పీకేస్తా," అంది అత్త.