కన్ను లేని నెమళ్ళ చద్దరు

మొన్న ఆదివారం హోట్గి రోడ్డులోని మా మనవడి ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. ఎక్కడో పరాయి దేశంలో ఇద్దరు బాక్సర్లు తలపడుతున్నారట, అది చూడాలంటే విడిగా డబ్బు కట్టాలట. వాడు ఫోన్లో ఏదో నొక్కి క్షణంలో కట్టేశాడు. ఎంతరా అని అడిగితే చెప్పిన మొత్తం నమ్మలేక మళ్ళీ అడిగాను. తీరా నా చేతిలో చాయ్ చల్లారకముందే ఒకడు బోర్లా పడ్డాడు, ఆట ముగిసింది. పైసలు దండగైనయి తాతా అని మనవడు నవ్వేసి లేచిపోయాడు. వాడికి అక్కడితో అయిపోయింది గానీ, నాకు మాత్రం కుంఠా నాకాలోని మా పాత ఇల్లు, అందులో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చాయి.

సోలాపూర్‌లో పుట్టి పెరిగిన మా ఈడు వాళ్ళకు కుస్తీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మా బాపు వయసులో ఉన్నప్పుడు జోడ్‌భావి పేట్ తాలీములో, అంటే కుస్తీ గోదాలో, పొద్దున్నే కసరత్తు చేసి, ఒంటికంటిన ఎర్రమట్టి కడుక్కుని మగ్గం ఎక్కేవాడు. తరువాత పక్షవాతంతో కుడి కాలు పడిపోయి మంచానికే అంటుకుపోయాడు. ఆ మంచం మీద ఆయన కోరింది ఒక్కటే, ఏటేటా జరిగే ఊరి జాతర కుస్తీ ఇంకొక్కసారి కళ్ళారా చూడాలని. మోసుకుని తీసుకుపోతామంటే ఒప్పుకునేవాడు కాదు, తాలీములో తనను చూసిన వాళ్ళ ముందుకు అలా పోవడం ఆయనకు నామోషీ.

మా అక్క భర్త, మా బావ, అప్పట్లో కేబుల్ లైను నడిపేవాడు. ఈసారి జాతర కుస్తీ జరుగుతుండగానే ఇంట్లో టీవీలో చూడొచ్చని, అయితే దానికి వేరే తీగ లాగి వేరే డబ్బు కట్టాలని ఆయనే వచ్చి చెప్పాడు. అది నా వారం పగారుకు సరిగ్గా సరిపోయింది. బాపు మొహం చూసి మొత్తం బావ చేతిలో పెట్టేశాను, ఆ వారం నా భార్య బీడీలు చుట్టిన డబ్బుతోనే పొయ్యి వెలిగింది. అల్లుడు ఇంత మేలు చేశాడని కుస్తీ రోజు మాంసం కూర వండి పెట్టాం, బావ మా ఇంట్లోనే కూర్చుని తృప్తిగా తిన్నాడు.

ఆట మొదలయ్యాక బాపును చూడాలి, పడిపోయిన కాలు సంగతే మరిచి భుజాలు కదిలిస్తూ, వాని నడుం పట్టు అని కేకలు వేస్తూ, చిన్నపిల్లాడైపోయాడు. చివరికి గెలిచిన పహిల్వాను భుజాల మీద ఎవరో చద్దరు కప్పారు, అతను కెమెరాకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. బాపు కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

చద్దరు అంచున నెమళ్ళున్నాయి, ఒక్క నెమలికీ కన్ను లేదు. జకార్డు మగ్గం మీద బొమ్మ రావాలంటే అట్టలకు చిల్లులు పొడవాలి. మూడేళ్ళ కింద, కాలు పడిపోక ముందు, బాపు ఒక అట్టకు చిల్లు పొడవడం మరిచి, గుడ్డి నెమళ్ళతో ఒక మూటెడు చద్దర్లు నేసేశాడు. జన్మలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. సిగ్గుతో ఆ అట్టను పొయ్యిలో పెట్టాడు, ఆ ఏడు కుస్తీ చూడనూ పోలేదు. చద్దర్లను జాతర కమిటీ వాళ్ళు అగ్గువకు కొని, ఆ ఏడే పహిల్వాన్లందరికీ కప్పి ఒక్కటీ మిగలకుండా పంచేశారు. అంటే మేము చూసింది మూడేళ్ళ నాటి కుస్తీ, ఎవరో తీసిన పాత క్యాసెట్. ఆ మూటను కమిటీ దగ్గరికి మోసుకెళ్ళి ఇచ్చి వచ్చింది మా బావే, అది ఏ ఏటి కుస్తీయో తెలియదనడానికి లేదు.

బాపు అల్లుడి వైపు తిరిగాడు. బావ చేయి తుడుచుకుని, లైను చూసొస్తనని లేచి వెళ్ళాడు. నేను కోపంతో వెంట పోబోతే బాపు నా చేయి పట్టుకున్నాడు.

"అల్లున్ని ఏమనకు కొడుకా. అక్క ఆ ఇంట్ల బతకాలె," అన్నాడు. టీవీ వైపు చూపి, "ఆ డబ్బా బంద్ చెయ్యి. ఇగ నాకేది సూపియ్యకు," అన్నాడు.

బతికినన్నాళ్ళూ ఆయన మళ్ళీ టీవీ వైపు చూడలేదు. అక్క కన్నుమూసే దాకా బావను నేనూ ఏమీ అనలేదు. పండుగలకు వచ్చాడు, వడ్డించాం, తిన్నాడు. మా మనవడి డబ్బు ఏ దేశంలో ఎవరికి చేరిందో వాడికీ తెలియదు, సాయంత్రానికే మరిచిపోయాడు. వాడు అదృష్టవంతుడే అనిపిస్తుంది నాకు. వాడి డబ్బు తీసుకున్న వాళ్ళెవరూ వాడి ఇంట్లో కూర్చుని అన్నం తినలేదు.