వెనక చక్రానికి మెరుగు

పోటీల రోజుల్లో నన్ను అందరూ ‘బ్రేకు’ అని పిలిచేవారు. అదేదో బిరుదనుకుని తొలి ఏడాది మురిసిపోయాను కూడా. కొండమీంచి సైకిలు మీద కిందికి దూసుకొచ్చే పోటీలవి. నాలుగు చినుకులు పడితే చాలు, మిగతావాళ్లు పెడలు తొక్కే చోటల్లా నేను బ్రేకు నొక్కేవాణ్ణి. నా తర్వాత బయల్దేరినవాడు వెనకనుంచి వచ్చి, దారిమ్మని అరిచిన రోజున ఆట మానేసి రెంచీ పట్టుకున్నాను.

మా చెల్లెలు మాత్రం ఒంట్లో భయమనేది లేకుండా పుట్టింది. వానొస్తే దానికి కాలు నిలవదు. ఇద్దరం ఒకే టీములో చేరాం. అది తొక్కేది, నేను బిగించేవాణ్ణి.

ఆ ఏడాది ఆఖరి పోటీ. మొదటి ముప్పైమందిలో ఉంటేనే దాని కాంట్రాక్టు నిలుస్తుందని మేనేజరు ముందే చెప్పేశాడు. తెల్లారినప్పటినుంచీ ఒకటే ముసురు, దారంతా అడుసు. అది అంటుకుంటే బండి బరువెక్కుతుంది కాబట్టి ఫ్రేముకు సిలికాన్ స్ప్రే కొడతాం, బురద జారిపోతుంది. కొట్టేముందు బ్రేకు డిస్కుల మీద గుడ్డ కప్పాలి, వాటికి తగిలితే బ్రేకు పట్టదు. కొత్తవాళ్లకు ఈ సంగతి నేర్పేది నేనే! ముందు చక్రానికి కప్పాను. వెనకదానికి కప్పబోతుంటే పక్క గుడారం మెకానిక్ వచ్చాడు.

“అన్నా, మీ బండికి బురదే అంటదేంటి?”

ఇంకేముంది, ఉబ్బి తబ్బిబ్బై ఉపన్యాసం మొదలుపెట్టాను. మాట్లాడుతూనే స్ప్రే కొట్టేశాను.

చెల్లెలు, కొండమీదికి చేర్చే లిఫ్టెక్కి పైకెళ్లింది. నేను కింద ముగింపు గీత దగ్గర నిలబడ్డాను. ఆఖరి మలుపులో తిరగాల్సిన బండి తిన్నగా వచ్చి, దారి పక్క కట్టిన తాడు తెంపుకుని గడ్డిమోపుల్లో దూరింది. చెల్లెలు లేచి, బండి తోసుకుంటూ గీత దాటింది. ముప్పై ఒకటో స్థానం.

బండి అందుకుని వెనక బ్రేకు నొక్కాను. చక్రం హాయిగా తిరుగుతూనే ఉంది. అంత బురదలోనూ డిస్కు తళతళలాడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జేబులోని గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాను.

మేనేజరు గొడుగేసుకుని వచ్చాడు. “ఏమైందమ్మా?”

“వానండీ. జారింది,” అంది చెల్లెలు నా వైపు చూడకుండా. మొదటి మలుపులోనే దానికి అంతా తెలిసిపోయి ఉంటుంది.

నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగం ఉంటుంది, దానిది పోతుంది. పిరికితనం నాకు కొత్త కాదు. సిగ్గుచేటు, ఆ పూట కూడా మేనేజరు పదడుగులు వెళ్లేదాకా నోరు పెగల్లేదు.

“సార్! వాన కాదు, నేను. వెనక డిస్కుకి స్ప్రే కొట్టేశాను.”

ఆయన వెనక్కొచ్చి చక్రం తిప్పి చూశాడు. “బ్రేకు లేకుండా ముప్పై ఒకటా?” అన్నాడు.

దాన్ని టీములోనే ఉంచారు. నన్ను పంపించేశారు. “నిన్నెవరు చెప్పమన్నారన్నయ్యా?” అని చెల్లెలు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు బస్టాండు వెనక సందులో సైకిలు రిపేరు షాపుంది. ఎక్కువగా పంక్చర్లే. టీములో దానికి నాకంటే మంచి మెకానిక్ ఉన్నాడు. అయినా వానలో పోటీ అంటే చాలు, బయల్దేరేముందు బండి ఇక్కడికే తోసుకొస్తుంది.

“బ్రేకులు చూడన్నయ్యా,” అంటుంది. అలమారలోంచి స్ప్రే డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని, నా పని అయ్యేదాకా స్టూలు మీంచి కదలదు.