పిన్ని గ్యాసు పొయ్యి, నా పది సూచనలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళకే ప్లాంటులో ఉద్యోగం, కొత్తగా చేరినవాళ్ళకి యంత్రం నడిపే పద్ధతి వరసగా రాసిచ్చే పని. (దాన్ని ఎవరైనా చదివారా అన్నది వేరే సంగతి.) అందుకే బారిడీహ్ కాలనీలో మా పక్క క్వార్టర్ పిన్నికి గ్యాసు పొయ్యి వచ్చిందనగానే, ఎవరూ పిలవకుండానే కాగితం, కలం పట్టుకుని వెళ్ళాను.

పిన్నికి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలిసింది బొగ్గుల పొయ్యి ఒక్కటే. సిలిండరంటే హడలు. పైగా బాబాయి, "నెల తిరక్కుండా గేస్ ఖతమైందంటే పొయ్యి టెల్కో కాలనీలో మా సెల్లికి ఇచ్చేత్తాను, సూస్కో" అని బెదిరించాడు. భయమున్నా, ఇన్నేళ్ళూ పొగలో కళ్ళు మండించుకున్న మనిషికి ఆ పొయ్యి పోతుందంటే ప్రాణం పోయినట్టే ఉంది. "నాను రాసిత్తాను పిన్నీ, నువ్వు సదువుకుంటూ సేసెయ్" అన్నాను. అంకెలు వేసి, గుండ్రటి అక్షరాలతో పది సూచనలు రాశాను. ముందు అగ్గిపుల్ల గియ్యాలి, ఆ తర్వాతే నాబ్ తిప్పాలి అన్నచోట కింద గీత కూడా గీశాను.

మర్నాడు పొద్దుటి షిఫ్టు దిగి నేనూ బాబాయీ మధ్యాహ్నం సైకిళ్ళ మీద వచ్చేసరికి పిన్ని గుమ్మం ముందు బకెట్లు బారులు తీరి ఉన్నాయి. లోపల వంట ఎప్పుడో అయిపోయింది. పల్లీలు వేగాయి, వంకాయలు కాలాయి, ఇప్పుడు ఇరుగుపొరుగు అందరికీ స్నానాలకి నీళ్ళు కాగుతున్నాయి. (జనవరి చలి మరి.) "ఏటిరా, పొద్దున్నుంచి సూత్తన్నాను, ఇదెప్పుడు ఆరతాది?" అంది పిన్ని ఏడుపు గొంతుతో. బొగ్గులైతే వాటంతటవే ఆరిపోతాయి, ఆరేదాకా ఆ వేడిని ఎవరూ వృథా పోనివ్వరు. నా పది సూచనల్లో ఆర్పమని ఎక్కడా లేదు!

గబగబా నాబ్ కట్టేశాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "తప్పు నాదే బాబాయ్" అన్నాను. ఆయన సిలిండర్ కొంచెం ఎత్తి బరువు చూశాడు. ఆయన వేడినీళ్ళ బకెట్ ఒకటి తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి లోపల్నుంచే కేకేశాడు: "ఒసే, మా సెల్లికి బొగ్గుల పొయ్యే బాగుంటాదిలే!"

ఆ తర్వాత ఉద్యోగమంతా సూచనలు రాస్తూనే గడిపాను. ప్రతిసారీ ఆపడం ఎలాగో ముందు రాసి, మిగతాది తర్వాత రాసేవాణ్ణి. బాబాయి రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన రోజు సామాను కట్టడానికి వెళ్తే, ఆ కాగితం ఇంకా వంటింటి గోడకే ఉంది. "నాబ్ కట్టాలి" అని ఆనాడే నేను చేర్చిన పదకొండో సూచన కింద, పిన్ని వంకర అక్షరాల్లో పన్నెండోది కనిపించింది: "కట్టే ముందు పక్కోళ్ళకి నీళ్ళు కావాలేమో అడగాల." అన్నీ తెలిసిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఇది జన్మలో తట్టేది కాదు. పిన్నిని అడిగి ఆ కాగితం తెచ్చుకున్నాను.