మల్లయ్య మాట, మరొకరి గొంతు

మల్లయ్యకు మాట తడబడిందని ఒకనాడు ఊరి ముందు చెప్పాను. అది నిజం కాదు. ఆ సంగతి నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు.

1963లో నగరంలోని రేడియో కేంద్రంలో, గ్రామీణ కార్యక్రమాల విభాగంలో ప్రోగ్రాం అసిస్టెంటుగా చేరాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తిరిగి రైతుల మాటలు టేపు మీద పట్టి తేవడం నా పని. అప్పట్లో పల్లెలో ఉన్నది పంచాయతీ రేడియో ఒక్కటే. సాయంత్రం సర్పంచి గది తాళం తీస్తే ఊరంతా చేరేది.

ఆ ఏడాది వానలకు ముందు, కట్టంగూర్ దగ్గర రోడ్డు పక్కన మంద మేపుతున్న మల్లయ్యను రికార్డు చేశాను. తొలకరికి మొలిచే లేతగడ్డి తెగమేస్తే గొర్రెలకు చిటుకు రోగం వచ్చి ఉన్నట్టుండి చచ్చిపోతాయని అతను చెప్పాడు.

"పచ్చగ కనబడంగనే ఉరుకుతయి సారూ, పెండ్లి బువ్వకు ఉరికినట్టు. జర ఎండుగడ్డి కడుపుల పడ్డంకనే తోలాలె."

ఎనిమిది నిమిషాలు ఎక్కడా ఆగలేదు.

కేంద్రానికి వచ్చి విన్నాక జంకాను. పల్లె మాటను పుస్తకాల భాషలో తిరగరాసి స్టూడియో కళాకారుడి చేత చదివించడం అక్కడి అలవాటు. నియమం కాదు. పై అధికారిని అడగవచ్చు, అడగలేదు. నాది నకిరేకల్, మా ఇంట్లో మాట్లాడేదీ మల్లయ్య మాటే. ఆ మాట వేస్తే నన్నూ చిన్నచూపు చూస్తారనుకున్నాను. తిరగరాసి, మల్లయ్య పేరుతోనే మరొకరి చేత చదివించి ప్రసారం చేశాను; టేపుల కొరత కాబట్టి మల్లయ్య టేపు చెరిపి వేరే పనికి వాడేశాను.

నెల తర్వాత మల్లయ్య ఊరి పంచాయతీ గదికి వెళ్తే సర్పంచి నా ఎదుటే అందుకున్నాడు: "ఏం మల్లిగా, పట్నం పోంగనే నీ గొంతుకు ఇస్త్రీ జేసిన్రా?"

అందరూ నవ్వారు. మల్లయ్య నావైపు చూశాడు. అతనికి మాట తడబడిందని, అందుకే వేరొకరితో చదివించామని చెప్పాను. అతను నమ్మేశాడు.

"మిషిన్ జూసి బుగులువడ్డనేమో సారూ. మీకు తక్లీఫ్ అయింది."

నాలుగేళ్లకు మళ్లీ ఆ ఊరు వెళ్లాను. కాపరుల తగవులన్నీ ఒకప్పుడు మల్లయ్యే తీర్చేవాడట. ఇప్పుడు పంచాయితీకి వచ్చి వెనక కూర్చుంటున్నాడని సర్పంచి చెప్పాడు. "అడిగితె, నాకు మాట రాదని రేడియోవోళ్లే జెప్పిన్రు గద అంటడు."

మర్నాడు మంద దగ్గరికి వెళ్లి, మొదట వద్దన్నా ఒప్పించి, అదే విషయం మళ్లీ రికార్డు చేశాను. పై అధికారి విని, "ఇలాగే వెయ్యండి, దీన్నెందుకు ముట్టుకోవడం?" అన్నారు. నాలుగేళ్ల కింద అడిగినా ఆయన అదే అనేవారు. ఎదుటివాడి గొంతు మార్చే ముందు మన భయం ఎవరి గురించో చూసుకోవాలని ఉద్యోగంలో నేర్చుకున్నది అప్పుడే.

ప్రసారం రోజు నేనూ ఆ పంచాయతీ గదిలోనే ఉన్నాను. సర్పంచి రేడియో పెట్టబోతుంటే ఆపి, అందరి ముందూ లేచి నిలబడ్డాను.

"మల్లన్నా, ఆనాడు నువ్వు ఒక్క మాట తడబడలే. గా అబద్ధం నేను జెప్పిన. తప్పయింది, నన్ను మాఫ్ జెయ్యి."

మల్లయ్య వెనక నుంచి లేచి రేడియో దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"సరే సారూ. ఇగ సప్పుడు జెయ్యకు, నా మాట ఇననియ్యి."